మంగమ్మ గారి చెరువూ, నా సెషనూ

నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం రాదు. ఈ సంగతి మా ఆవిడకి పెళ్ళయిన మూడో రోజున తెలిసింది. మీకు మొదటి పేరాలోనే చెప్పేస్తున్నాను. రామచంద్రపురం బస్టాండుకి పావుగంట ఆలస్యంగా వచ్చిన బస్సు నా నోట్లోంచి బయటికొచ్చేసరికి ఒకటిన్నర రోజు ఆలస్యమవుతుంది. మా పెరట్లో కాసిన ఆనపకాయని ఇద్దరం మోసుకొచ్చామని ఊరంతా చెప్పాను. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను, రెండోవాడు నా నీడ.

కాబట్టి ఇక్కడ నేను వంద అంటే మీరు పది అనుకోండి. పెంచినవి మీరే పట్టేస్తారు. పెంచడం కాకుండా పూర్తిగా కల్పించింది మాత్రం ఇందులో ఒక్కటే ఉంది. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

పాతికేళ్ళు జావాలో ప్రోగ్రాములు రాసి, కళ్ళు ఇక చాలు అన్నాక యాభై నాలుగేళ్ళకే మానేశాను. ఈ మధ్య భీమవరంలో ఒక ఇంజనీరింగు కాలేజీవాళ్ళు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. ఒక అమ్మాయి లేచి, "సార్, సెషన్ సంగతంతా ఇప్పుడు ఫ్రేమ్‌వర్కే చూసుకుంటుంది కదండీ, మేం ప్రత్యేకంగా నేర్చుకోవడం దేనికండి?" అని అడిగింది. ఫ్రేమ్‌వర్కంటే ఇలాంటి పనులు ముందే రాసిపెట్టి ఇచ్చే రెడీమేడ్ సరుకు. ఆ రోజు నవ్వేసి ఏదో చెప్పాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు నాకే నచ్చలేదు. అసలు జవాబు ఇది.

పూతరేకుల బుట్ట

నా మొదటి ఉద్యోగం రాజమండ్రిలో, ఒక మందుల షాపు పైన ఉన్న గదిలో. మూడు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. ఆ ఫ్యాను తిరిగితే గోదావరి మీద రైలు పోతున్నట్టుండేది. నిజంగా రైలు పోయినప్పుడు మాకు వినపడేది కాదు. మా బాసు పేరు కామేశ్వరరావు గారు. మద్రాసులో, బొంబాయిలో పనిచేసి, అక్కడి భోజనం పడక వెనక్కొచ్చిన మనిషి. ఆయనకి ప్రపంచంలో ఏ విషయమైనా భోజనం ద్వారానే అర్థమయ్యేది, భోజనం ద్వారానే చెప్పేవారు.

ఆత్రేయపురం నుంచి పూతరేకులు చేసే ఒకాయన వచ్చి తన సరుకు ఇంటర్నెట్లో అమ్మాలన్నాడు. ఆ రోజుల్లో అది చంద్రుడి మీద కొట్టు పెడతాననడం లాంటిది. పని నాకప్పగించారు. కొనేవాళ్ళు ఏమేం కావాలో ఎంచుకుంటూ పోతే ఒక బుట్టలో చేరేట్టు రాశాను. ఆ బుట్టని క్లాసులోనే, అంటే ఆ ప్రోగ్రాము ముక్కలోనే, ఒక వేరియబుల్‌గా పెట్టాను. నేనొక్కణ్ణే కూర్చుని వెయ్యిసార్లు నొక్కి చూశాను, అద్భుతంగా పనిచేసింది.

నాకు తెలియనిదల్లా ఒకటే. సర్వరు మీద ఆ క్లాసుకి ప్రతి మనిషికీ ఒక కాపీ ఉండదు. వచ్చేవాళ్ళు ఎందరైనా అందరికీ ఉండేది ఒకటే. అంటే బుట్ట కూడా ఒకటే.

దీపావళి ముందు కాకినాడ నుంచి ఒక రిటైర్డ్ టీచరు గారు ఒక్క పెట్టె అడిగారు. అదే నిమిషంలో అమలాపురం నుంచి పెళ్ళివారు ఐదు వందల పెట్టెలు అడిగారు. పెళ్ళికి ఒక పెట్టె వెళ్ళింది. టీచరు గారింటికి లారీ వెళ్ళింది. ఆయనకి చక్కెర వ్యాధి. ఫోన్ చేసి తిట్టలేదు పాపం, "నాయనా, మా వీధివాళ్ళందరికీ పంచాను, పక్క వీధి వాళ్ళు కూడా వస్తున్నారు, ఇంకేం చెయ్యమంటావు?" అని మర్యాదగా సలహా అడిగారు.

కామేశ్వరరావు గారు నన్ను ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నం మెస్సుకి తీసుకెళ్ళి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. అరిటాకులు వేశారు. వడ్డించేవాడు వచ్చే లోపల నా ఆకు లాగేసి పక్కన పెట్టారు.

"ఇప్పుడు పప్పు ఎందులో వేయించుకుంటావు?"

"మీ ఆకులోనాండి?"

"అదే నువ్వు చేసింది. హాలు మొత్తానికి ఒకటే ఆకు వేశావు. ఎవరి విస్తరి వాళ్ళకి వెయ్యాలయ్యా."

సెషన్ అంటే నాకు అర్థమైంది ఆ అరిటాకు దగ్గరే. ఇంటర్నెట్లో సర్వరుకి జ్ఞాపకశక్తి ఉండదు. మీరు నొక్కిన ప్రతిసారీ "ఎవరండీ మీరు?" అని కొత్తగా అడుగుతుంది. అందుకని మీరు రాగానే ఒక నంబరు చీటీ ఇచ్చి, ఆ నంబరుతో లోపల మీకోసం ఒక విస్తరి వేస్తుంది. మీ బ్రౌజరు ప్రతిసారీ ఆ చీటీ చూపిస్తుంది, మీ పదార్థాలు మీ విస్తరిలోనే పడతాయి. మీ పుస్తకాల్లో దీనికి ముప్ఫై పేజీలుంటాయి. కామేశ్వరరావు గారు ఒక భోజనంలో చెప్పేశారు, పైగా అరటికాయ వేపుడు రెండుసార్లు అడిగి వేయించుకున్నారు.

విస్తరి ఎప్పుడెత్తాలి

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నన్ను భీమవరం పంపారు. అక్కడ రొయ్యల పరీక్షలు చేసే ఒక ల్యాబు ఉండేది. రైతులు పొద్దున్నే రొయ్యల్ని కవర్లో ఐస్ వేసి, చెరువు నీళ్ళు సీసాలో పట్టి తెచ్చేవారు. ఆ రెంటికీ కౌంటర్లో ఒకే నంబరు చీటీ అంటించేవారు. మధ్యాహ్నానికి తెల్లమచ్చ రోగం ఉందో లేదో చెప్పేవారు. ఉంటే ఆ రోజే వల వేసి పట్టెయ్యాలి. ఆలస్యమైతే చెరువు మొత్తం తెల్లారేసరికి అడుక్కి పోతుంది. లేకపోతే హాయిగా పెంచుకోవచ్చు. అంటే ఆ కాగితం ముక్క మీద ఒక కుటుంబం ఆర్నెల్ల బతుకు ఉండేది.

కౌంటర్లో కూర్చునేది లక్ష్మి. డిగ్రీ అవగానే దొరికిన మొదటి ఉద్యోగం. ఉండి ఊరి దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. ల్యాబు ఓనరు ప్రసాద్ గారు ఇచ్చిన కుర్చీ గుచ్చుకుంటోందని ఇంట్లో కుట్టిన పచ్చ దిండొకటి తెచ్చి వేసుకుంది. పొద్దున్నే చెప్పులు విడిచాకే కీబోర్డు తుడిచేది. ఆ కంప్యూటరుకి పూజ చేసేదని చెబితే మీరు పదితో భాగించుకుంటారు గానీ, బొట్టు పెట్టిన మాట మాత్రం వాస్తవం.

నేను రాసిన ప్రోగ్రాములో మూడు పేజీలు. మొదటిదాంట్లో రైతు పేరు, రెండోదాంట్లో చెరువు వివరం, మూడోదాంట్లో చీటీ నంబరు. మూడూ పూర్తయ్యేదాకా వివరాలు సెషన్‌లో, అంటే విస్తరిలో ఉంటాయి. చివర్లో సేవ్ నొక్కితే రికార్డులోకి ఎక్కుతాయి.

ముప్ఫై నిమిషాలు ఎవరూ ఏమీ నొక్కకపోతే సర్వరు విస్తరి ఎత్తేస్తుంది. అది పుస్తకంలో ఉన్న మాట. ఆ పుస్తకం రాసినాయన భీమవరం రాలేదు. మనవాళ్ళు రాగానే పేరు చెప్పరు. ముందు ఎండల గురించి, తర్వాత మేత గురించి, తర్వాత లక్ష్మి వాళ్ళ నాన్నగారి మోకాలి గురించి. ఈ పిల్లది ఎవరి తాలూకో తేలాక, వీళ్ళ మేనత్త తోటికోడలు మన వాళ్ళేనని కనుక్కున్నాక, అప్పుడు చెరువు వివరం. ఆ సరికి సెషన్ కాలం చేసేది. లక్ష్మి మళ్ళీ మొదటినుంచి అడిగేది. ఆయన మళ్ళీ ఎండలతో మొదలుపెట్టేవారు.

నేనేం చేశాను? ముప్ఫై నిమిషాల్ని ఎనిమిది గంటలు చేశాను. ఊళ్ళో ఇంటర్నెట్ సెంటర్ల నుంచి రిపోర్టు చూసుకునే వీలు కూడా ఉండేది. చూసి వెళ్ళిన ప్రతివాడి విస్తరీ ఎనిమిది గంటలు లోపల అలాగే ఉండిపోయేది. పదకొండయ్యేసరికి సర్వరు ఎద్దులా రొప్పుతూ పడుకునేది. కామేశ్వరరావు గారు ఫోన్లో, "తిన్న విస్తళ్ళు ఎత్తకపోతే రెండో పంక్తి ఎక్కడ కూర్చుంటుందయ్యా? సమయం తగ్గించు. సేవ్ అవగానే నీ చేత్తో నువ్వే ఎత్తెయ్" అన్నారు.

సమయం తగ్గించాను. సేవ్ అవగానే ఎత్తడం మాత్రం చెయ్యలేదు. తర్వాత వచ్చేవాళ్ళ వివరాలు పాతవాటి మీదే పడతాయి కదా, తుడవడం దేనికి అనుకున్నాను. నాలుగు లైన్ల పని. బద్ధకం.

పైగా ఇంకో తెలివైన పని చేశాను. కంగారులో ఎవరైనా సేవ్ రెండుసార్లు నొక్కుతారని, ఒకే చెరువు ఒకే రోజు రెండోసారి వస్తే నోరెత్తకుండా వదిలెయ్యమని రాశాను. ఈ రెండూ గుర్తుంచుకోండి.

మీరు కానివ్వండి

ఒకరోజు పొద్దున పెద్దిరాజు గారు వచ్చారు. వంద ఎకరాల చెరువులాయన, అంటే పది. మనిషి ఆరడుగులు, గొంతు పది అడుగులు. ఉప్పుటేరు పక్కన ఆయన చెరువులు. ఆయన కవరుకి, సీసాకి నలభై ఒకటో నంబరు చీటీ అంటించారు. లక్ష్మి ఆయన పేరు, చెరువు వివరం కొట్టి మూడో పేజీకి వచ్చింది.

అప్పుడే మంగమ్మ గారు వచ్చారు. చేపలు పట్టుకుని అమ్ముకునే కుటుంబం. రెండు పంటలు వరసగా పోయాక, కాలవ నీళ్ళ వైపు ఒక ఎకరం చెరువు కౌలుకి తీసుకుని ఇది ఆఖరుసారి అనుకుని వేసిన పంట. చేతిలో ఐస్ కవరు కారిపోతోంది. బస్సు దిగి పరిగెత్తుకొచ్చినట్టుంది, అయినా వచ్చి గోడ పక్కన నిలబడింది.

పెద్దిరాజు గారు చూశారు. "అమ్మాయ్, ముందు ఆవిడది కానివ్వమ్మా. ఐస్ అయిపోతోంది."

"ఫర్వాలేదండి, మీరు కానివ్వండి" అంది మంగమ్మ గారు.

"నాదేముందండి, నా ఐస్ సాయంత్రం దాకా ఉంటుంది. మీరు కానివ్వండి."

మంగమ్మ గారి కవరుకి, సీసాకి నలభై రెండో చీటీ అంటించారు. లక్ష్మికి పెద్దిరాజు గారి పని సగంలో చెరపడం ఇష్టం లేక కంట్రోల్, ఎన్ నొక్కి కొత్త విండో తెరిచింది. మంగమ్మ గారి పేరు, చెరువు కొట్టింది. మూడో పేజీకి రాగానే ఈవిడ మళ్ళీ మొదలెట్టింది.

"వారిది ఒక్క ముక్కే మిగిలిందంట కదమ్మా. అది చేసెయ్, పెద్దాయన నిలబడిపోయారు."

"నేను నిలబడితే భూమేమన్నా కుంగిపోతుందాండి?"

"అలా అంటే నేను కూర్చోనండి."

ఇలా ఒక పావుగంట సాగింది. నేను చెబితే మూడు గంటలు. చివరికి లక్ష్మి పాత విండోకి వెళ్ళి నలభై ఒకటి కొట్టి సేవ్ చేసింది. తర్వాత కొత్త విండోలో నలభై రెండు కొట్టి సేవ్ చేసింది. ఇద్దరూ ఒకరికొకరు దండాలు పెట్టుకుని వెళ్ళారు.

ఆ కాలపు బ్రౌజర్లో అలా తెరిచిన రెండో విండో కూడా అదే చీటీ చూపిస్తుంది. విండోలు రెండు, విస్తరి ఒకటి. పెద్దిరాజు గారి పేరు మీద మంగమ్మ గారి పేరు పడిపోయింది. లక్ష్మి నలభై ఒకటి కొట్టేసరికి విస్తరిలో ఉన్నది మంగమ్మ గారు. అంటే పెద్దిరాజు గారి రొయ్యలు మంగమ్మ గారి పేరున ఎక్కాయి. తర్వాత నలభై రెండు కొట్టినప్పుడు, నేను విస్తరి ఎత్తలేదు కాబట్టి, మళ్ళీ మంగమ్మ గారే. ఎత్తి ఉంటే ఖాళీ పేజీ వచ్చేది, లక్ష్మికి అనుమానం తగిలేది. ఒకే చెరువు రెండోసారి వచ్చిందని నా తెలివైన ప్రోగ్రాము దాన్ని నోరెత్తకుండా వదిలేసింది.

హైదరాబాదులో తెలిసినవాళ్ళ చేత నేనీ ప్రోగ్రామును ఆరు వారాలు పరీక్ష చేయించాను. అక్కడ వరసలో ఎవరూ ఎవరికీ చోటివ్వలేదు. అందుకే ఒక్క తప్పూ దొరకలేదు.

నాలుకా, కాగితమూ

మధ్యాహ్నం రెండింటికి మంగమ్మ గారికి కాగితమిచ్చారు. తెల్లమచ్చ ఉంది. ఆవిడ ఏడవలేదు. బయట బూత్ నుంచి వల మనుషులకి ఫోన్ చేసి నాలుగింటికి దిగమని చెప్పి, మళ్ళీ లోపలికొచ్చింది. ఆ రోజు ల్యాబులో నేనున్నాను. కంప్యూటరు మనిషినని నన్ను చూపించారు.

"బాబూ, ఇందులో ఉప్పు ఎంతని రాశారండి?"

చూశాను. "పద్దెనిమిదండి."

"మా చెరువు నీళ్ళు అంత ఉప్పు కాదండి. రోజూ పొద్దున్న నోట్లో వేసుకు చూస్తాను. ఐదారుకి మించి ఉండదు."

రొయ్యలకి నిండా రెండు నెలలు లేవు. ఇవాళ పడితే చీమలంత రొయ్యలు. ఇంకో నలభై రోజులాగితే పంట. ఆవిడ అడిగింది పెద్దదేమీ కాదు, ఇంకోసారి చూడమని మాత్రమే. నేనేమన్నానో తెలుసా? "కంప్యూటరు తప్పు చెప్పదమ్మా."

ఆవిడ నా మొహం కేసి కాసేపు చూసింది. "అలాగేనండి" అంది. కాగితం నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

నేను కుర్చీలో కూర్చున్నాను గానీ కుర్చీ నన్ను కూర్చోనివ్వలేదు. మూడున్నరకి లక్ష్మి ఒక సీసా పట్టుకుని వచ్చింది. నలభై రెండు.

"సూర్యం గారూ, ఇది లోపల బల్ల మీద మిగిలిపోయిందండి. లిస్టులో లేదని పరీక్ష చెయ్యలేదంట. కంప్యూటర్లో అడిగితే ఈ నంబరు ఎవరిదీ కాదంటోందండి. పొద్దున నేనే కొట్టానండి, మంగమ్మ గారిది."

"ఎలా కొట్టావమ్మా? మొత్తం చెప్పు."

చెప్పింది. కంట్రోల్, ఎన్ అనగానే నా వెన్నులో ఐస్ కవరు పెట్టినట్టయింది. సీసా మూత తీసి ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. పల్చగా, కాలవ నీళ్ళలా ఉంది. ఉద్యోగం మొత్తం మీద ప్రోగ్రాములో తప్పు పట్టుకోవడానికి నేను చేసిన అతి గొప్ప డీబగ్గింగు అది.

ఆ సీసానీ, దాని రొయ్యల కవరునీ పరీక్షకి పెట్టమని లక్ష్మికి చెప్పి, ల్యాబువాళ్ళ స్కూటరు తీసుకున్నాను. ఆ స్కూటరు మీద భీమవరం నుంచి ఆవిడ చెరువు దాకా నాలుగు టైర్లు మార్చేంత వేగంగా వెళ్ళాను. దారిలో నన్ను దాటిన సైకిళ్ళ సంగతి మీకనవసరం.

గట్టెక్కేసరికి ఆరుగురు మనుషులు నడుం లోతు నీళ్ళల్లో వల సగం విప్పి నిలబడి ఉన్నారు. ఒకాయన అరుస్తున్నాడు. "వేస్తే వెయ్యమను పిన్నీ, లేకపోతే మానెయ్యమను. కాళ్ళు నానిపోతున్నాయి." గట్టు మీద మంగమ్మ గారు కూర్చుని, విప్పిన వల కొస పాదం కింద తొక్కిపెట్టి ఉంది. నన్ను చూసి లేవలేదు.

"వస్తారనుకున్నానండి" అంది.

"ఎందుకండి?"

"కంప్యూటరు తప్పు చెప్పదన్నప్పుడు మీరు నా కేసి చూళ్ళేదండి. అందుకని వీళ్ళని కాసేపు ఆపాను. ఇంకాసేపైతే ఆపేదాన్ని కాదు."

మీ సీసా దొరికింది, వెతికి తెచ్చింది కౌంటర్లో లక్ష్మి, రేపు పొద్దున చెబుతాం, వల తీయించెయ్యండి అన్నాను. ఆవిడ పాదం ఎత్తింది. వల చుట్టేశారు. మర్నాడు పొద్దున రిపోర్టు వచ్చింది. నలభై రెండులో మచ్చ లేదు.

రోగం పెద్దిరాజు గారి చెరువులో. ఆయన రిపోర్టు లిస్టులో లేక, ముందు రోజు "రేపు రండి" అని పంపేశారు. నేను గట్టు మీంచి తిరిగొచ్చి కబురు పంపేసరికి చీకటి పడింది, తెల్లవారి వల వేయిస్తే సగమే దక్కింది. ఆ సగం గురించి ఆయన ఎప్పుడూ నాతో మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే బాగుండేది.

ఎవరి తప్పు

ఆ మధ్యాహ్నం ప్రసాద్ గారి గదిలో అందరం చేరాం. ప్రసాద్ గారు బల్ల వెనక, పెద్దిరాజు గారు ఎదురు కుర్చీలో, లక్ష్మి తలుపు దగ్గర నిలబడి.

"నాకు ఒక్క ముక్క చెప్పండి. ఇది ఎవరి తప్పు? ఆ తప్పు చేసినవాళ్ళు రేపట్నుంచి నా కౌంటర్ దగ్గర కనపడకూడదు" అన్నారు ప్రసాద్ గారు.

నేను లేచాను. "తప్పు నాదండి. ఆ అమ్మాయి మర్యాద తప్పకుండా ఇద్దరి పనీ చెయ్యబోయింది. రెండు విండోలు తెరుస్తారని ఊహించాల్సింది నేను. విస్తరి ఎత్తనిది నేను. రెండో నంబరు వస్తే నోరు మూసుకోమని రాసింది నేను. కనపడకూడదంటే నేనే కనపడనండి" అన్నాను. ఫ్యాను కూడా ఆగి విన్నట్టనిపించింది. పెద్దిరాజు గారు లేచి నా భుజం తట్టారు.

ఆ వారంలోనే ప్రోగ్రాము మార్చాను. మొదటి పేజీ తెరవగానే ఆ దరఖాస్తుకి ఒక నంబరు పుడుతుంది. అదే నంబరు మిగతా రెండు పేజీల్లోనూ దాక్కుని వస్తుంది. లోపల ఆ నంబరుకి వేరే విస్తరి. పది విండోలు తెరిచినా ఎవరిది వాళ్ళకే. సేవ్ అవగానే విస్తరి ఎత్తెయ్యడం. రెండోసారి వస్తే మింగెయ్యకుండా, ఇది ఇంతకుముందు వచ్చిందండీ, చూసుకోండి అని గట్టిగా చెప్పడం. కామేశ్వరరావు గారికి చూపిస్తే మూడు పేజీలూ ఒక్కొక్కటే తెరిచి చూశారు. తర్వాత, "నేను కూడా సగమే చెప్పానయ్యా నీకు. విస్తరి మనిషికి కాదు, భోజనానికి" అన్నారు.

కాలేజీలో అడిగిన అమ్మాయికి నా జవాబు ఇదే. ఫ్రేమ్‌వర్కు నీకు విస్తళ్ళు ఇస్తుందమ్మా, ఎన్ని కావాలంటే అన్ని ఇస్తుంది. ఎవరెవరు ఎలా కూర్చుంటారో, ఎవరు ఎవరికి చోటిచ్చి లేస్తారో దానికి తెలియదు. అది నువ్వు కౌంటర్ దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని చూడాల్సిందే. ఇంకొకటి. వాడేవాళ్ళ తప్పు అనే మాట మన వృత్తిలో అన్నిటికన్నా సులువైనది. నోటి దాకా వచ్చిన ప్రతిసారీ మింగెయ్యి.

కల్పించింది

ఇక ఒప్పుకోవాలి. లారీ లేదు, ఆటో. వంద ఎకరాలు కాదని ముందే చెప్పాను. మంగమ్మ గారు, వల కొస మీద పాదం, సీసాలో నీటి చుక్క, అవన్నీ జరిగినవే. స్కూటరు కూడా.

కల్పించింది ప్రసాద్ గారి గదిలో నా ఉపన్యాసం.

ఆయన ఎవరి తప్పని అడిగినప్పుడు నేను లేవలేదు. కూర్చునే ఒక్క మాట అన్నాను. "ఆపరేటరు రెండు విండోలు తెరిచారండి." అంతే. అందులో పెంచింది లేదు, తగ్గించింది లేదు. ఎవరు లెక్కపెట్టినా రెండే విండోలు. నా జన్మ మొత్తం మీద ఉన్నది ఉన్నట్టు చెప్పిన మాట అదొక్కటే. ఇన్నేళ్ళలో నేను చెప్పిన అబద్ధాలన్నీ కలిపినా దాని కాలిగోటికి సరిపోవు.

లక్ష్మి నా కేసి చూసింది. "అవునండి, తెరిచానండి" అంది.

మర్నాటి నుంచి ఆ అమ్మాయిని వెనక గదిలో సీసాలు కడగడానికి వేశారు. కౌంటర్లోకి ఇంకొకాయన వచ్చాడు. పచ్చ దిండు తీసుకెళ్ళడానికి ఆ అమ్మాయి రాలేదు, దాని మీదే ఆయన కూర్చున్నాడు. నేను ప్రోగ్రాము మార్చిన వారమంతా ఆ దిండు నాకు కనపడుతూనే ఉంది. తప్పు ఎక్కడుందో తెలిసిందనీ దిద్దేశాననీ ప్రసాద్ గారికి చెప్పాను. ఎవరిదో చెప్పలేదు. ఆయన కూడా అడగలేదు.

నలభై రోజులకి మంగమ్మ గారు రొయ్యలు పట్టే ముందు చేయించే పరీక్షకి వచ్చింది. పంట బాగా వచ్చింది. కౌంటర్లో కొత్తాయన్ని చూసి, ప్రసాద్ గారు అక్కడే ఉండగా, "నా సీసా వెతికి పెట్టిన అమ్మాయేదండి? ఈ బాబే చెప్పారు ఆ రోజు గట్టు మీద. ఆ అమ్మాయి చేత్తోనే రాయించుకుంటాను, అప్పటిదాకా ఇక్కడే కూర్చుంటాను" అని బల్ల మీద కూర్చుంది. ప్రసాద్ గారు నా కేసి చూశారు. నేను చీటీల కట్ట కేసి చూశాను.

లక్ష్మిని పిలిపించారు. చేతులు తుడుచుకుంటూ వచ్చింది. దిండు దులిపి, తిరగేసి వేసుకుని కూర్చుంది. మంగమ్మ గారి వెనకే ఇంకో ముసలాయన నిలబడ్డాడు, ఆవిడ అప్పుడే "మీరు కానివ్వండి" అని మొదలుపెట్టేసింది. లక్ష్మి కంప్యూటరు మీంచి తలెత్తి, అందరూ వింటుండగా, ఎంతో మర్యాదగా అడిగింది.

"సూర్యం గారూ, ఇప్పుడు రెండు విండోలు తెరవొచ్చాండి?"

"తెరవొచ్చమ్మా" అన్నాను.

"ఎన్ని తెరవొచ్చండి?"

నా అలవాటు కొద్దీ లక్ష అనాల్సింది. నోరు రాలేదు. ఆ అమ్మాయి నా జవాబు కోసం ఆగకుండా రెండు తెరిచింది.